‘బాగుంది’ అన్నందుకు

ఇంజన్ల దగ్గర ముప్పై ఏడేళ్లు పనిచేసి బయటికొచ్చాను. ఇది కొత్తగా పానా పట్టుకుంటున్నవాళ్ల కోసం రాస్తున్నాను. నాకు ఏ గ్రేడు ఎప్పుడొచ్చింది, ఎవరి సంతకం కోసం ఎన్నాళ్లు తిరిగాను లాంటివి ఇందులో ఉండవు. అవి మీకూ ఎలాగూ జరుగుతాయి, అప్పుడు తిట్టుకుందురుగాని. నేను చెప్పదలుచుకున్నది ఒక్క మాట గురించి. ఆ మాట ‘బాగుంది’. దాన్ని ఒకసారి తప్పుగా వాడాను. తప్పుగానే వాడానా అన్నది కూడా నాకు ఇప్పటికీ తేలలేదు. తేలని సంగతిని పెద్దమనిషిలా కూర్చుని చెప్పడం ఏమిటని మీరు అడగవచ్చు. తేలినవన్నీ ఇంజనుతో పాటు వచ్చే పుస్తకంలో ఉంటాయి. అది చదువుకోండి, ఆ తర్వాత ఖాళీ ఉంటే ఇది చదవండి.

కొట్టు

మాది దీవుల్లో ఊరు. మా నాన్నకు అక్కడ బతు బస్తీ అనే పేటలో కొట్టు ఉండేది. తాళ్లు, వలలకు కట్టే బెండ్లు, కిరసనాయిలు స్టవ్వులు, వాటి వత్తులు, మేకులు, బకెట్లు అమ్మేవాడు. పక్క కొట్టు మా మేనమామది, ఎదుటిది మా పెదనాన్నది. మా ఇళ్లలో పిల్లలకు మాటల కంటే ముందు బేరం వచ్చేది. నాకు మొదట వచ్చిన మాట ‘వద్దు’ అని మా అమ్మ చెప్పేది. ‘వద్దు’ అని లేచి, రెండడుగులు వేసి, వెనక్కి పిలుస్తారేమోనని ఆగి చూసేవాణ్ణట.

నాన్న పెట్టిన నియమం ఒకటే. కొనేటప్పుడు వస్తువు నచ్చినట్టు మొహంలో కనపడకూడదు. ఆయన ఏ వస్తువునైనా రెండు వేళ్లతో, మురుగుకాలవలోంచి తీసినట్టు ఎత్తేవాడు. తిప్పి చూసి నిట్టూర్చేవాడు. అమ్మేవాడికే దానిమీద అసహ్యం పుట్టాక అప్పుడు ధర అడిగేవాడు.

నాకు పదేళ్లప్పుడు ఒక కుటుంబం సముద్రం దాటి మెయిన్‌లాండ్‌కి వెళ్లిపోతూ చేత్తో తిప్పే కుట్టుమిషను అమ్మకానికి పెట్టింది. నాన్న నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. ఆయన తుప్పు గురించి మాట్లాడుతుండగా ఆ ఇంటాయన చక్రం తిప్పి చూపించాడు. సూది దిగడం, అడుగున చిన్న చేపలాంటి ఇనుప ముక్క అటూ ఇటూ ఈదడం, దారం తనంతట తనే ముడి వేసుకోవడం చూసి నేను నోరు తెరిచాను. ఆయన నాన్న వైపు చూడటం మానేసి నా వైపు చూశాడు. ఆ తర్వాత ధర ఒక్క మెట్టు కూడా దిగలేదు. అడిగినంతా ఇచ్చి కొని, తిరిగొస్తూ దారిలో నాన్న ఒకటే మాట అన్నాడు.

“ఈ బేరం నేను ఆడలేదురా. నీ మొహం ఆడింది.”

ఆ రోజు నుంచి నా మొహానికి నేనే శిక్షణ ఇచ్చుకున్నాను. ఎంత బాగా నేర్చుకున్నానంటే, పెళ్లిచూపుల్లో కూడా అదే మొహం పెట్టుకుని కూర్చున్నాను. ఈ సంబంధం వీళ్లకు అక్కర్లేదు కాబోలని ఆడపెళ్లివారు మమ్మల్ని సాగనంపబోయారు. మా ఆవిడ ఆ సంగతి ఇప్పటికీ వారానికొకసారి ఎత్తుతుంది.

ఒక్కటి మాత్రం అప్పట్లో నాకు అర్థం కాలేదు. ఆదివారం మధ్యాహ్నం కొట్టు మూశాక నాన్న ఆ కుట్టుమిషను ముందు కూర్చునేవాడు. దారం లేదు, గుడ్డ లేదు. ఊరికే చక్రం తిప్పుతూ చూసేవాడు. ఏం చేస్తున్నావని అడిగితే, నూనె సరిగా తాగుతోందో లేదో చూస్తున్నానన్నాడు. ప్రతి ఆదివారం చూసేవాడు. అంత నూనె తాగే మిషను లోకంలో ఉండదు.

అచ్ఛా మత్ బోలో

హాడోలో రేవుకు దగ్గరగా ఉన్న ఒక మరమ్మతు షెడ్డులో ఫిట్టరుగా చేరాను. ఫోర్‌మన్ బిశ్వాస్ సాబ్. ఒంటరిగా తినేవాడు, ఒంటరిగా నడిచేవాడు, సెలవు అడిగితే మనం ఆయన కిడ్నీ అడిగినట్టు చూసేవాడు. చేరిన వారానికి ఒక పడవ ఇంజను చూసి రమ్మన్నాడు. చూసి వచ్చాను. ఎలా ఉందన్నాడు. “అచ్ఛా హై సాబ్,” అన్నాను.

ఆయన చేతిలో పానా బల్లమీద పెట్టాడు. “అచ్ఛా మత్ బోలో. కిత్నా బోలో.”

బాగుందని చెప్పకు, ఎంతో చెప్పు అని. వేడి ఎంత, నూనె ఒత్తిడి ఎంత, భాగాల మధ్య సందు ఎంత. ‘అచ్ఛా’ అనే మాట పాయసానికి వాడుకోమన్నాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవి కింది ఎముకకు ఆనించి లోపలి చప్పుడు వినడం నేర్పింది ఆయనే. నేను ఈ పనిలో ఏదైనా సాధించానంటే అందులో ముప్పాతిక వంతు ఆయనది.

మిగతా పావు గురించి కూడా నిజం చెప్పాలి. ఆయన కోపానికి జడిసి మేం అంకెలు పుట్టించేవాళ్లం. గేజీ పనిచేయకపోతే నిన్నటి అంకెకు ఒకటి కలిపి చెప్పేవాళ్లం. అంకె తప్ప ఇంకేమీ వినని పైవాడికి అంకెలే దొరుకుతాయి, ఇంజను సంగతి దొరకదు. మీ పైవాడు అలాంటివాడైతే జాగ్రత్త. మీరే అలాంటివాళ్లయితే ఇంకా జాగ్రత్త.

ఆయన రిటైరైన రోజు దండలు, స్వీట్లు అయ్యాక మనిషి కనపడలేదు. వెతుకుతూ షెడ్డులోకి వెళ్తే, మేం అప్పుడే పూర్తిగా బిగించి పెట్టిన ఆరు సిలిండర్ల ఇంజను ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. అది నడవడం లేదు. ఆయన ముట్టుకోవడం లేదు. ఏం చూస్తున్నారని హిందీలో అడిగాను. ఏమీ లేదన్నాడు. తర్వాత నా వైపు తిరగకుండానే, “అచ్ఛా హై,” అన్నాడు.

కిత్నా సాబ్ అని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఆయనకు నేనిచ్చిన రిటైర్‌మెంటు బహుమతి అదొక్కటే.

నూకరాజు ఇంజను

నూకరాజు చేపలు పట్టేవాడు. వాళ్ల తాతలు శ్రీకాకుళం ఒడ్డు నుంచి వచ్చారు. ఇల్లు మిన్నీ బే దిగువన, మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరం. డుంగీ అని మా దగ్గర పిలిచే చెక్క పడవ ఒకటి ఉంది. దాని పాత ఇంజను చచ్చిపోయింది. ఎవరో వ్యాపారం మానేస్తూ తన పడవ ఇంజను అమ్ముతున్నాడని తెలిసి, నన్ను రమ్మన్నాడు. ఇంజన్లు తెలిసినవాడు, పైగా కోమటి కొట్లో పుట్టిన బేరగాడు, ఇద్దరూ ఒకే మనిషిలో దొరికారు గదా అని అతని ఆశ. అప్పటికి నాకు పనిలో పాతికేళ్లు నిండాయి. నాకూ నా మీద అలాంటి అభిప్రాయమే ఉండేది.

అది రెండు సిలిండర్ల డీజిల్ ఇంజను. ఆకుపచ్చ రంగు, ఎక్కడా కారిన మరక లేదు. పంపు నుంచి పైకి వెళ్లే రెండు రాగి గొట్టాలు ఒకే వంపు తిరిగి ఉన్నాయి, ఒకే చెయ్యి ఒకే ఊపిరిలో రెండుసార్లు గీసినట్టు. మూతకు ఉన్న బోల్టులన్నీ ఒకే వైపు మొహం పెట్టి ఆగి ఉన్నాయి. బోల్టులు ఎటు తిరిగి ఆగితే ఇంజనుకు ఏం? ఏమీ లేదు. ఎవరో ఆ ఏమీ లేనిదాని కోసం ఒళ్లు దాచుకోకుండా పనిచేశారు.

తర్వాత స్టార్ట్ చేశారు.

ఆ రకం ఇంజన్లు సాధారణంగా చలికి పళ్లు కొట్టుకుంటున్నట్టు కటకటలాడతాయి. ఇది అలా లేదు. మెత్తగా, నింపాదిగా, తొందరేమీ లేదన్నట్టు నడుస్తోంది. దాని అడుగున ఇంకో చప్పుడు, పక్కింట్లో ఎవరో రోకలితో దంచుతున్నట్టు, బరువుగా, వినీ వినపడకుండా. నేను అప్పటిదాకా విన్న ఇంజన్లన్నీ అరుపులే, ఇది మాట అనిపించింది. స్క్రూడ్రైవరు జేబులోనే ఉంది. తీయలేదు. నూనె మట్టం చూసే పుల్ల లాగి చూడలేదు. పడవకు బిగించి బరువు మీద నడిపి చూడాలని అడగలేదు. పది నిమిషాలు నిలబడి విన్నాను.

అమ్మేవాడు పక్కనే ఉన్నాడు. నూకరాజు నా భుజం తట్టి అడిగాడు.

“ఎలాగుంది భయ్యా?”

“బాగుంది,” అన్నాను.

మూడు చెవుల్లో ఆ మాట మూడు రకాలుగా పడింది. అమ్మేవాడికి ‘ఇక బేరం లేదు’ అని పడింది. నూకరాజుకు ‘పక్కా, సముద్రానికి పనికొస్తుంది’ అని పడింది. నేను ఏమని అన్నాను? ముచ్చటగా ఉంది అనే అర్థంలో అన్నానని తర్వాత చాలామందికి చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు అవి రెండు అర్థాలని తోచలేదు. మన భాషలో ఒంట్లో బాగుందన్నా అదే మాట, పాట బాగుందన్నా అదే మాట. నేను ఆ మాట అన్నాను, రెండూ దానితో పాటు బయటికొచ్చాయి.

నూకరాజు భార్య పోలమ్మ ఆ సాయంత్రం చేపలు తోముతూ నవ్వింది. “బేరగాడివని తీసుకెళ్తే నువ్వే అమ్ముడైపోయొచ్చావు గదా భయ్యా.” నేనూ నవ్వాను. అప్పటికి నవ్వాల్సిన సంగతే.

ఒడ్డు

ఇంజను బిగించిన పది రోజులకు నూకరాజు, అతని తమ్ముడు వేటకు వెళ్లారు. మర్నాడు పొద్దున్నే రావాలి. రాలేదు. సాయంత్రానికీ రాలేదు. ఒడ్డు వదిలి కాస్త దూరం పోతే ఫోన్లు పనిచేయవు, అది మాకు అలవాటే. అలవాటు కనుక మొదటి రోజు ఎవరూ పైకి ఏమీ అనలేదు.

రెండో రోజు పొద్దున పనికి వెళ్లకుండా ఒడ్డుకు వెళ్లాను. పోలమ్మ బోర్లించిన ప్లాస్టిక్ తొట్టె మీద కూర్చుని వల చిక్కు తీస్తోంది. చిక్కు లేని చోట కూడా తీస్తోంది. వెతకడానికి రెండు పడవలు వెళ్లాయని చెప్పింది. ఆవిడ అరిచి తిడుతుందనుకుని వెళ్లాను. తిడితే నాకు బాగుండేది. అరగంట గడిచాక తల ఎత్తకుండా అడిగింది.

“భయ్యా, నిజం సెప్పు. బాగుందన్నావు గదా. ఏటి బాగుంది?”

జవాబు కోసం వెతికాను. ఒత్తిడి ఎంత, వేడి ఎంత, సందు ఎంత, ఒక్కటీ నా దగ్గర లేదు. పాతికేళ్ల అనుభవం ఉన్నవాడి దగ్గర ఉన్న ఏకైక జవాబు చెప్పాను.

“చప్పుడు.”

“సప్పుడు బాగుంటే మనిషి ఇంటికొచ్చీస్తాడా?”

నేను సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాను. సిగ్గులేని సంగతి ఒకటి చెబుతాను, మీరు ఏమనుకున్నా సరే. ఆ రెండు మూడు గంటలూ నేను ఆ చప్పుడు కోసం చెవి పెట్టుకుని ఉన్నాను. భయం ఒకవైపు, ఆ రోకలి దెబ్బ మళ్లీ వినాలన్న ఆశ ఒకవైపు. వాళ్లు బతికి రావాలని కోరుకోవడం, ఆ చప్పుడు వినాలని కోరుకోవడం, రెంటినీ విడదీయలేకపోయాను.

మధ్యాహ్నం దాటాక వచ్చారు. మాకు వినపడింది వేరే ఇంజను. వెతకడానికి వెళ్లిన పడవ తాడు కట్టి వాళ్ల డుంగీని లాక్కొచ్చింది. ఇద్దరి పెదవులూ పగిలిపోయి ఉన్నాయి. టార్పాలిన్‌ను తెరచాపలా పట్టుకుని పట్టుకుని తమ్ముడి అరచేతులు తోలు ఊడాయి. పోలమ్మ నీళ్లలోకి నడుముదాకా దిగి మొగుణ్ణి పట్టుకుంది. నూకరాజు నా దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకున్నాను. కొడితే పడదామనే నిలబడ్డాను.

“ఆగిపోయే ముందర దాకా బాగానే ఉంది భయ్యా,” అన్నాడు.

వెటకారమో, ఓదార్పో, ఒట్టి సమాచారమో నాకు తెలియలేదు. ఇప్పటికీ అడగలేదు.

విప్పితే

ఆ వారమే ఇంజను దించి విప్పాను. అడుగున నూనె బెల్లం పాకంలా జారుతోంది. కింది బేరింగు అరిగి అరిగి లోపలి రాగి బయటపడింది. పంపు టైమింగు ఉండాల్సినదానికన్నా వెనక్కి తిప్పి ఉంది.

కొత్తవాళ్లకు అర్థమయ్యేలా చెబుతాను. సిలిండరులో మంట కాస్త ఆలస్యంగా అంటుకునేలా చేస్తే దెబ్బ మెత్తబడుతుంది. ఇంజను తీయగా మాట్లాడుతుంది, బలం మాత్రం తగ్గుతుంది, వేడెక్కుతుంది. చిక్కటి నూనె పోస్తే అరిగిన బేరింగు కొట్టుకునే చప్పుడు దుప్పటి కప్పినట్టు అణిగిపోతుంది. ఒడ్డున పది నిమిషాలు నడిపితే అంతా హాయిగా ఉంటుంది. సముద్రంలో గంటల తరబడి నడిపితే నూనె కాగి పలచబడుతుంది, దుప్పటి తొలగిపోతుంది, బేరింగు పట్టేస్తుంది. నన్ను కట్టిపడేసిన ఆ రోకలి దెబ్బ చావబోతున్న బేరింగుది. నేను రోగాన్ని విని, గొంతు బాగుందని మెచ్చుకుని వచ్చాను.

అమ్మినవాడి దగ్గరికి వెళ్లి నిలదీశాను. తను కొన్నప్పుడూ అది అలాగే ఉందని, దాన్ని ఎప్పుడూ విప్పలేదని ఒట్టు పెట్టుకున్నాడు. ఒడ్డు దగ్గర్లోనే తిరిగేవాడట, అందుకే ఆగిపోలేదేమో. “మై భీ ఆవాజ్ సున్‌కే లియా థా,” అన్నాడు, తనూ చప్పుడు వినే కొన్నానని. నాలో కొట్లో పెరిగిన సగం ఇది పచ్చి అబద్ధమంది. కానీ ఆ చప్పుడు గురించి చెప్పేటప్పుడు అతని మొహం చూశాను. పదేళ్ల వయసులో కుట్టుమిషను ముందు నా మొహం అలాగే ఉండి ఉంటుంది. మోసగాడో, నాలాంటివాడో తేల్చుకోలేక తిరిగొచ్చాను.

అంతకన్నా తేలనిది ఇంకోటి ఉంది. ఆ రాగి గొట్టాలు వంచిన చెయ్యి, బోల్టులన్నిటినీ ఒకే వైపు ఆపిన చెయ్యి, ఆ నూనె పోసిన చెయ్యి ఒకటేనా? పాపం అనిపించే జవాబు, కోపం తెప్పించే జవాబు రెండూ ఉన్నాయి. రోజును బట్టి ఒకటి నమ్ముతుంటాను.

రెండు ముక్కలు

కొత్త బేరింగులు వేసి, టైమింగు సరిచేసి, సరైన నూనె పోసి ఆ ఇంజను నేనే తిరిగి బిగించాను. స్టార్ట్ చేస్తే కటకటలాడింది. పోలమ్మ గుమ్మంలోంచి విని, “ఇదేటి, గిన్నెలు పారేసినట్టుంది,” అంది. ఇదే ఆరోగ్యం అని చెప్పాను. పడవలో ఇంజను పెట్టె మూత లోపలివైపు అంకెలన్నీ సుద్దతో రాసి చూపించాను, బిశ్వాస్ సాబ్ చూస్తే పొంగిపోయేవాడు. ఆ గిన్నెల చప్పుడుతో అది ఏళ్ల తరబడి నడిచింది. ఒక్కసారి కూడా మధ్యలో ఆగలేదు.

అప్పటినుంచి ‘బాగుంది’ అనే మాట ఒంటరిగా వాడటం మానేశాను. ఎవరేది అడిగినా రెండు ముక్కలు చెప్పేవాణ్ణి: “చూడ్డానికి ముచ్చటగా ఉంది. పనికి ఎలా ఉందో విప్పాక చెబుతాను.” షెడ్డులో దాన్ని పట్టుకుని ఆటపట్టించేవారు. క్యాంటీన్లో బిర్యానీ ఎలా ఉంది భయ్యా అని అడగడం, నేను నోరు తెరిచేలోపు అందరూ కలిసి ఆ రెండు ముక్కలూ అప్పజెప్పడం. మనవరాలు పుట్టినప్పుడు ఆసుపత్రిలో మా ఆవిడ ముందే హెచ్చరించింది, ఇక్కడ మాత్రం ఆ వాక్యం తీయకని.

ఇప్పటి ఇంజన్లు నల్లటి మూతలు వేసుకుని వస్తున్నాయి. లోపల ఏముందో కనపడదు, తెర మీద అంకెలు కనపడతాయి. కొత్తగా వచ్చినవాళ్లు ఆ మూతతో ఫొటో దిగి బఢియా, భేషుగ్గా ఉంది అంటుంటారు. వాళ్లను చూసి నవ్వే హక్కు నాకు లేదు. నేనూ మూతనే ప్రేమించాను, నా మూత చప్పుడుతో చేసింది, అంతే తేడా.

మరి సలహా ఏమిటంటారా? అంకె ముందు చూడండి. విప్పగలిగితే విప్పండి. నచ్చితే నచ్చిందని నోటితో చెప్పండి, కానీ ఏది నచ్చిందో కూడా చెప్పండి, ఎందుకంటే మీ మాట నమ్మి సముద్రంలోకి వెళ్లేవాడు ఒకడుంటాడు. ఇక్కడిదాకా నాకు ధైర్యం ఉంది. దీని తర్వాత లేదు. ఎందుకంటే నా సర్వీసులో చూసిన మంచి ఇంజన్లలో చాలావరకు అందంగానే ఉండేవి. గొట్టం వంపు చూసి బిగించినవాడి చెయ్యి ఎలాంటిదో చెప్పేసేవాణ్ణి, చాలాసార్లు నిజమయ్యేది. అన్నిటికన్నా అందమైనది మాత్రం ఇద్దరిని చంపబోయింది. ఇప్పుడు నా కంటిని నమ్మాలా, వద్దా? బిశ్వాస్ సాబ్‌ని అడుగుదామంటే ఆయన కూడా ఆఖరి రోజున అంకె చెప్పకుండా వెళ్లిపోయాడు.

ఆదివారం

కిందటేడు నూకరాజు కొత్త ఇంజను కొన్నాడు. నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది పోలమ్మ. నన్నేమీ మాట్లాడొద్దని, ఊరికే నిలబడమని దారిలోనే చెప్పింది. అమ్మేవాడు మూడు ఇంజన్లు వరసగా నడిపి చూపించాడు. ఆవిడ ఒక్కదాని వైపూ చూడలేదు, నా మొహం వైపే చూసింది. మూడోది మిక్సీ తిరిగినట్టు తిరిగింది. “భయ్యా మొహంలో ఏటీ లేదు. ఇదే ఇచ్చీ,” అంది. దాని అంకెలన్నీ చూసి నేనూ తలూపాను. అది ఈ రోజుదాకా నిక్షేపంగా నడుస్తోంది. మా నాన్న బతికుంటే, నా మొహం ఇన్నాళ్లకు ఒకరికి పనికొచ్చినందుకు సంతోషించేవాడు.

ఆ పాత ఆకుపచ్చ ఇంజను వాళ్ల ఇంటి వెనక రేకుల కింద చెక్క దుంగల మీద కూర్చుంది. ఒక రోజు ఆ వైపు వెళ్లాను. రంగు వెలిసింది కానీ రాగి గొట్టాలు మెరుస్తున్నాయి, ఎవరో కొబ్బరినూనెతో తుడుస్తున్నారు. నాకు అది కావాలనిపించింది. ఎందుకో తెలియదు, మా ఇంట్లో పెట్టడానికి చోటు కూడా లేదు. మొహాన్ని నాన్న నేర్పిన పద్ధతిలో సర్దుకుని, దాని మీద రెండు వేళ్లు ఆనించి నిట్టూర్చాను. పాత ఇనుము దారికి అడ్డంగా ఉంది కదా, కబాడీవాడికి వేసేయకూడదా అని మొదలుపెట్టాను. కాకపోతే నేనే తీసుకుంటాను అన్నాను.

“నీకెందుకు భయ్యా?” అంది పోలమ్మ.

“స్పేరు ముక్కలకు పనికొస్తుందేమోనని.”

“ఏ ఇంజనుకి? ఇలాటిది దీవుల్లో ఇంకోటి మిగల్లేదని నువ్వే గదా సెప్పినావు.”

బేరంలో ఇలా దొరికిపోవడం నాకు అలవాటు లేదు.

“బాగుంది పోలమ్మా,” అన్నాను. “అందుకు.”

“అదీ మాట,” అంది. “ఇవ్వను.”

ఎంతకు ఇస్తావని అడగనివ్వలేదు. ధర ఎక్కువ చెప్పేవాళ్లు తెలుసు, తక్కువ చెప్పి మోసం చేసేవాళ్లు తెలుసు. అసలు ధరే చెప్పని మనిషి ముందు ఏం చేయాలో మా వంశంలో ఎవరూ నేర్పలేదు. వద్దులే అని రెండడుగులు వేసి, చిన్నప్పటి అలవాటు కొద్దీ ఆగాను. ఆవిడ వెనక్కి పిలిచింది.

“భయ్యా, ఆ పాత సప్పుడు మళ్లీ వొస్తాదా?”

అన్నేళ్లూ మాలో ఆ చప్పుడు నచ్చింది నాకొక్కడికేనని, ఆ తప్పు నాదొక్కడిదేనని అనుకుంటున్నాను. వస్తుందన్నాను.

తర్వాతి ఆదివారం పొద్దున పానాలు తీసుకుని వెళ్లాను. చల్లబరచడానికి డ్రమ్ములో నీళ్లు నింపి గొట్టం కలిపాను. ఉన్న నూనె తీసేసి చిక్కటి నూనె పోశాను. టైమింగు వెనక్కి తిప్పాను. ముప్పై ఏడేళ్లలో తెలిసి తెలిసి ఇంజనును చెడగొట్టింది అదొక్కసారే. ఇక అది ఎవరినీ ఎక్కడికీ తీసుకెళ్లదు, అబద్ధం చెప్పినా నష్టం లేదు అని నాకు నేను చెప్పుకున్నాను.

హ్యాండిలు తిప్పాను. రెండు దగ్గులు దగ్గి అందుకుంది. అదే మెత్తదనం, అదే నింపాది. పోలమ్మ చేతిలో చీపురు అలాగే పట్టుకుని గోడకు ఆనుకుంది. నేను రోకలి దెబ్బ కోసం చెవి పెట్టాను. అది రాలేదు. ఎలా వస్తుంది, కొత్త బేరింగులు వేసింది నేనే గదా. అంతా తిరిగొచ్చింది, నాకు అన్నిటికన్నా నచ్చినది తప్ప. పోలమ్మకు ఆ తేడా తెలిసిందో లేదో ఆవిడ మొహం చూసి చెప్పలేకపోయాను. మొహాలు చదవడం నా కులవిద్య అయినా చెప్పలేకపోయాను.

ఇంట్లో వల బాగుచేస్తున్న నూకరాజు బయటికొచ్చాడు. అతన్ని అడక్కుండా ఈ పని చేశామని అప్పుడు గుర్తొచ్చింది. రెండు రోజులు నీళ్ల మీద ఆ ఇంజను పక్కన కూర్చున్నవాడు అతను. గుమ్మం పట్టుకుని నిలబడి విన్నాడు. ఎంతసేపు విన్నాడో చెప్పలేను. చాలాసేపే విన్నాడు.

“బాగుంది భయ్యా,” అన్నాడు. “ఇంక ఆపెయ్.”

ఆపేశాను.